బాల్కనీకి ఒక్క బల్బు

వెలిన్ ద్రందారోవ్ ఒక్క గుణకారంతో ప్లోవ్‌దివ్ నగరమంతా చీకటి చేశాడు. సరే, నగరమంతా కాదు, ఒక భవనం. అదీ పట్టపగలు. అయినా అంత చిన్న బుర్రకి ఎనిమిది అంతస్తులు తక్కువేమీ కాదు.

ఆ పాత భవనానికి కొత్త వైరింగు వేస్తున్నారు. ఇళ్ళన్నీ కలిపి ఎంత కరెంటు లాగుతాయో లెక్క కట్టే పని వెలిన్‌ది. తనిఖీ అధికారి సంతకం పెడితే ఆఫీసులో పెద్ద కుర్చీ అతనికే. కొత్త నియమావళిని చంకలో పెట్టుకుని మహా పండితుడిలా తిరిగాడు. అందరూ అన్నీ ఒకేసారి వాడరు కాబట్టి మొత్తంలో కొంత భాగం లెక్కలోకి తీసుకుంటే చాలని అందులో ఉంది. అంత పుస్తకంలోనూ అతనికి నచ్చింది ఆ ఒక్క ముక్కే. బాల్కనీకి ఒక్క బల్బు రాసి, ఇళ్ళ సంఖ్యతో గుణించి చేతులు దులుపుకున్నాడు.

సెప్టెంబరులో ఆ ఊళ్ళో ప్రతి బాల్కనీలోనూ చలికాలం పచ్చడికి కారం లేని లావు మిరపకాయలు కాల్చే కరెంటు కుంపటి ఉంటుందని పాలు తాగే పిల్లకైనా తెలుసు. వెలిన్‌కీ తెలుసు. వాళ్ళమ్మ గెంకా ఉండేది ఆ భవనంలోనే, మొదటి అంతస్తులో. కానీ కుంపట్లను లెక్కలోకి తెస్తే లావు తీగలు కావాలి, ఖర్చు పెరిగిందని ఆఫీసులో పైవాళ్ళు మొహం మాడ్చుకుంటారు.

తీగలు వేయడం అయ్యాక తనిఖీ శనివారం పడింది. వెలిన్ పొద్దున్నే తలుపు తలుపూ తట్టి, ఇవాళ కుంపటి వెలిగిస్తే మీటరు కాలిపోతుందని బెదిరించాడు.

"ఇన్ని కాయలు కొని పెట్టుకున్నాను, ఏం చేయమంటావురా?" అంది తల్లి.

"రేపు కాల్చుకోవే అమ్మా. ఒక్క రోజుకి కొంపలేం మునగవు."

"మీ నాన్నా ఇంతే. తన చేతకానితనానికి మమ్మల్ని నోరు మూసుకోమనేవాడు."

తనిఖీ అధికారి రుమెన్ చల్బూకోవ్ మెట్ల దగ్గర నిలబడి గాలి పీల్చాడు. కాగితాలు తెరవనే లేదు.

"ఈ భవనంలో ఎవరైనా పోయారా?"

"లేదండీ. ఎందుకలా అడిగారు?" అన్నాడు వెలిన్.

"సెప్టెంబరు శనివారం. మిరపకాయల వాసన ఏదయ్యా?"

"అందరూ ఊళ్ళకెళ్ళారండీ."

"ఎక్కడికీ వెళ్ళలేదు బాబూ," అంది గెంకా పైనుంచి. "మావాడే కాల్చొద్దన్నాడు."

"వెలిగించండమ్మా. అందరికీ చెప్పండి. నేను చూసుకుంటాను."

కాసేపటికి కమ్మని వాసన మెట్లదాకా దిగింది. వెనకే కింద పెద్ద స్విచ్చు టప్పున పడిపోయింది. లిఫ్టు ఆగింది, మెట్లదారి చీకటైంది. సగం కాలిన కాయలు పట్టుకుని ఆడవాళ్ళంతా బయటికొచ్చి వెలిన్ వంశాన్ని మూడు తరాలు తిట్టారు. గెంకా కూడా వాళ్ళతో గొంతు కలిపింది.

రుమెన్ లెక్కల కాగితాన్ని టార్చి వెలుగులో చూసి, మడిచి వెలిన్ జేబులో దూర్చాడు.

"మీ ఇంట్లో మిరపకాయలు బల్బు మీద కాలుస్తారా నాయనా?"

పెద్ద కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు.

ఎవరైనా ఈ సంగతి ఎత్తితే వెలిన్ మొహం కందగడ్డ చేసుకుంటాడు.

"అంతా అబద్ధం. ఆ భవనం లెక్క నేను కట్టలేదు. ఆ శనివారం నేను ఊళ్ళోనే లేను. మా అమ్మ జన్మలో మిరపకాయ కాల్చలేదు, పచ్చడి కొట్లో కొనుక్కుంటుంది."