ఎర్ర మాసికలు

వాన కురిసింది పట్టుమని పావుగంట. ఆ తర్వాత సాయంత్రం దాకా ఎండ కాసింది. అయినా ఆట జరగలేదు. పన్నెండు దేశాలు ఆడే పెద్ద క్రికెట్ కప్పు అది. రెండు జట్లూ మెట్ల మీద కూర్చుని తడిసిన పిచ్‌ను చూస్తూ ఉండిపోయాయి. తెల్లారకముందే రైలెక్కి వచ్చిన వేలమంది ఉసూరుమంటూ ఇళ్ళకు పోయారు. మర్నాడు పోటీల కార్యదర్శి టీవీలో ఒక్క ముక్కలో తేల్చేశాడు. పిచ్ మీద కప్పిన పట్టా కుట్లు ఊడాయట. నాసిరకం పనట.

ఆ పట్టా కుట్టింది దబ్బనం అత్త.

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పదహారేళ్ళకు కాపురానికొచ్చి, మామగారి దగ్గర లారీ పట్టాలు కుట్టడం నేర్చుకుంది. భర్త పోయాక షెడ్డు తనే నడుపుతోంది. అరచేతికి తోలుముక్క కట్టుకుని, మైనం పట్టించిన దారం నలభై ఏళ్ళపాటు లాగీ లాగీ ఆమె చూపుడువేలు పక్కకు వంగిపోయింది. అత్తయ్య వేలితో దారి చూపిస్తే పక్కింటికి పోతామని కోడలు నవ్వుతుంది.

మామగారు పెట్టిన నియమం ఒకటుంది. కుట్టిన పట్టాను మూలలు కట్టి ఉయ్యాలలా వేలాడదీయాలి. నీళ్ళు పోసి, కింద సుద్దపొడి చల్లి, ఒక పూట వదిలేయాలి. సుద్ద మీద చుక్క పడకపోతేనే అది గడప దాటాలి. మైదానం పట్టా మరీ పెద్దది కాబట్టి, అత్త నాలుగు రోజులు భాగాలు భాగాలుగా అలాగే చూసి పంపింది.

టీవీ మాట విన్న పూటే ముగ్గురు లారీవాళ్ళు తమ పట్టాలు తెచ్చి, షెడ్డు ముందు పరిచి, కుట్లు లాగి చూసుకున్నారు. పాతికేళ్ళుగా వస్తున్నవాడు కూడా "ఏమనుకోకక్కా" అంటూనే లాగాడు. ఆ రాత్రి అత్త అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, అలాగే లేచిపోయింది.

"నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతార్లే అత్తయ్యా" అంది కోడలు.

"మర్చిపోయేది వాళ్ళు చేసింది. నా మీద వేసింది మాత్రం ఉండిపోతుంది."

మర్నాడు పొద్దున్నే సుద్దపొడి సంచీ చంకనబెట్టుకుని మైదానానికి వెళ్ళింది. గేటు దగ్గర మూడు రంగుల పాసులున్నాయి. ఏ రంగు ఎవరికో కాపలావాడికే తెలియదు. ఒకే సీటు నంబరు ఇద్దరికి అమ్మారని ఇద్దరు పెద్దమనుషులు అతనితోనే తగువు పడుతున్నారు. మైదానం మేస్త్రి గుర్తుపట్టి అత్తను లోపలికి తీసుకెళ్ళాడు.

పట్టాలో నీళ్ళు పోసి చూడనివ్వమని కార్యదర్శిని అడిగింది. తనకు ఊపిరాడటం లేదని, ఎల్లుండే ఇంకో ఆట ఉందని ఆయన విసుక్కున్నాడు. ఆ ఆటకోసమైనా చూసుకోవాలిగా సార్ అని మేస్త్రి నసిగాడు. సరే కానివ్వమన్నట్టు ఆయన చెయ్యి విసిరాడు.

పనివాళ్ళు పట్టాను గ్యాలరీ స్తంభాలకు కట్టి పైపు వదిలారు. అత్త మోకాళ్ళ మీద వంగి సుద్ద చల్లింది. ఎండ నడినెత్తికొచ్చాక కార్యదర్శి కూడా వచ్చి వంగి చూశాడు. కుట్ల కింద సుద్ద పొడిగా ఉంది. నడిమధ్యన మాత్రం తొమ్మిది చోట్ల, వరస తప్పకుండా, ధారగా కారుతోంది. అత్త తన వంకర వేలిని ఒక బొక్కలో దూర్చింది.

"ఇది కుట్టేనా సార్?"

మేస్త్రి నేల చూస్తూ అన్నాడు. "పోటీల మొదటిరోజు అతిథుల భోజనాలకు పందిరి చాల్లేదమ్మా. దీన్నే పైన వేసి, చిల్లులు పొడిచి పందిరి గొట్టాలు దింపారు. నేను వద్దన్నాను."

"ఆడలేక మద్దెల ఓడు అంటారు సార్" అంది అత్త. "ఇక్కడ మద్దెలకు బొక్కలు కూడా మీరే పెట్టారు."

"సరేలేమ్మా, జరిగిందేదో జరిగింది. రేపటికి మాసికలు వేసివ్వు."

"మరి టీవీలో మీరన్న మాట?"

"ఇప్పుడదంతా తవ్వితే అందరి పరువూ పోతుంది."

"నాది ముందే పోయిందిగా."

ఆయన అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుని నడిచిపోతున్నాడు.

పట్టా షెడ్డుకొచ్చింది. కోడలు పట్టా రంగుకు సరిపోయే నీలం గుడ్డ తీసింది. అత్త దాన్ని పక్కకు నెట్టి, లారీ వెనకాల కట్టే ఎర్ర పట్టాగుడ్డ లాగి, పళ్ళెమంత ముక్కలు తొమ్మిది కత్తిరించింది.

"నీలం బోలెడుంది కదా అత్తయ్యా?"

"ఉంది."

ఆట రోజు మళ్ళీ వాన పడింది. అరగంట దంచి కొట్టింది. పట్టా తీస్తే పిచ్ పొడిగా ఉంది. ఆట సాగింది. కాని ఆ అరగంటా ప్రపంచమంతా టీవీల్లో చూసింది నీలం పట్టా మీద వరసగా తొమ్మిది ఎర్ర మాసికలను. కార్యదర్శి క్షమించమని అడగలేదు. నీలం గుడ్డ దొరకలేదా అని మాత్రం మండిపడుతూ ఫోన్ చేయించాడు. అత్త ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం ఆ పాతికేళ్ళుగా వచ్చే లారీ ఆయన షెడ్డు ముందు ఆగాడు.

"ఏంటక్కా, ఆ ఎర్రవి?"

"పెద్దలు భోంచేసిన గుర్తులు" అంది అత్త, దారానికి మైనం రుద్దుతూ. "కూర్చో, చెప్తాను."