చెప్పులు పడుతున్నాయా?

మా అక్కకు పలకరింపు ముందు, పని తర్వాత. దారిన పోయే ముక్కూమొహం తెలియని వాళ్ళనైనా "బాగున్నారా?" అనకుండా దాటేది కాదు. ఆమె పోయి ఏడాది కావస్తున్నా, ఆ మాట తలుచుకుంటే నాకు నవ్వే ముందు వస్తుంది. ఎందుకంటే ఒకసారి ఒక అమ్మాయి ప్రాణం కోసం అక్క ఆ పలకరింపునే మానుకోవాల్సి వచ్చింది.

అక్క ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఒక టేబులు, తూకం, బీపీ మిషను, ఒకే కిటికీ ఉన్న గది అది. చుట్టుపక్కల ఊళ్ళ గర్భిణులందరినీ వారం వారం వెళ్ళి చూసే వీలు లేక, వాళ్ళ ఫోన్లకు అక్క గొంతుతో సందేశం పంపే ఏర్పాటు చేశారు. ఏం మాట్లాడాలో అక్కే రాసుకుంది. "బాగున్నారా? బాగుంటే ఒకటి నొక్కండి. తలనొప్పి, వాపు, కళ్ళు మసకలు ఉంటే రెండు నొక్కండి." ఒకటి నొక్కితే కాల్ అక్కడితో ఆగిపోతుంది. రెండు నొక్కితే అక్క ఫోను మోగుతుంది.

నెలలు గడిచాయి. అక్క ఫోను మోగలేదు.

"మీ వాళ్ళంత గట్టి మనుషులు ఎక్కడా ఉండరు నర్సమ్మా. ఇక నేను మూటాముల్లె సర్దుకోవచ్చు," అన్నాడు డాక్టరు.

"నవ్వండి, నవ్వండి. ఇంతమందిలో ఒక్కళ్ళకీ తల నొయ్యలేదంటే నాకు తల నొస్తోంది," అంది అక్క.

సంగతి, అందరూ దర్జీ పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ ఇంట్లో బయటపడింది. ఆమె కోడలికి ఏడో నెల. కొడుకు లారీ మీద వెళ్తే ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంటికంతటికీ ఒకటే ఫోను. కుట్టు మిషను పక్కన, కత్తెరా టేపూ పెట్టుకునే రేకు డబ్బాలో ఉండేది. అక్క కోడలికి బీపీ చూసి, మామూలుగానే ఉందని చెబుతుండగా ఫోను మోగింది. "బాగున్నారా?" అంది అందులోంచి అక్క గొంతు.

"ఆఁ, చల్లగా ఉన్నాం తల్లీ," అని దర్జీ పెద్దమ్మ ఒకటి నొక్కి, ఫోను డబ్బాలో పడేసింది.

"అదేంటి పెద్దమ్మా! ఇంకా వినాల్సింది ఉందిగా?"

"అడిగావు, చెప్పాను. ఇంకేం వినాలి?"

"అడిగింది నీ సంగతి కాదు, కోడలి సంగతి."

"మంచిగా పలకరించిన మనిషికి బాలేదని ఎవరైనా చెబుతారటే? అదీ ఫోనులో!"

"బాగున్నారా?" అని మనలో ఎవరిని అడిగినా బాగున్నామనే అంటాం. ఆ మధ్యాహ్నమే అక్క కొత్త సందేశం రికార్డు చేసింది.

"ఏమమ్మా, చెప్పులు పడుతున్నాయా? బిగుతైతే రెండు నొక్కు. తల పగిలిపోతుంటే రెండు నొక్కు. కళ్ళు మసకేస్తే రెండు. ఏమీ లేకపోయినా నన్ను తిట్టాలనిపిస్తే రెండే నొక్కు."

"పలకరింపు లేకుండానా?" అన్నాడు డాక్టరు.

"అది మనిషి ఎదురుగా ఉన్నప్పుడు చేస్తాను."

మొదట్లో నిజంగానే తిట్టడానికి చాలామంది నొక్కారు. నెల తిరిగాక ఒక ఉదయం దర్జీ పెద్దమ్మ అలవాటుగా ఒకటి నొక్కబోయి, ప్రశ్న విని గుమ్మం వైపు చూసింది. కోడలి చెప్పులు మూలన ఉన్నాయి. కోడలేమో మొగుడి చెప్పులు ఈడ్చుకుంటూ నీళ్ళ బిందెతో వస్తోంది.

"నీ చెప్పులేమయ్యాయే?"

"పట్టట్లేదత్తా, మొన్నటి నుంచి."

"తల?"

"నొస్తోంది. నిద్ర చాలక అనుకున్నా."

దర్జీ పెద్దమ్మ రెండు నొక్కింది.

అక్క వెళ్ళి బీపీ చూసింది. నమ్మలేక మళ్ళీ చూసింది. వెంటనే ఆటో పిలిచింది.

"దీనికేమవుతుందే?"

"బీపీ బాగా పెరిగింది, గుర్రపువాతం వచ్చేలా ఉంది పెద్దమ్మా. ఫిట్లు వచ్చాయంటే ఇద్దరూ దక్కరు. రాకముందే ఆసుపత్రికి చేరాలి, ఎక్కు."

"ఊరందరి కొలతలూ తీసేదాన్ని, నా ఇంట్లో కొలత మారితే చూసుకోలేకపోయానే," అని దర్జీ పెద్దమ్మ దారంతా గొణుగుతూనే ఉంది.

పెద్దాసుపత్రిలో ఇంజెక్షన్లిచ్చి, కనిపెట్టుకుని ఉండి, నెలలు నిండకముందే ఆపరేషను చేసి పాపను తీశారు. పిడికెడంత పిల్ల. గొంతు మాత్రం నానమ్మది.

ఇంటికి పంపే రోజు అక్క, కోడలి పాత చెప్పులు సంచిలో వేసుకుని వెళ్ళింది. దర్జీ పెద్దమ్మ పాపను అందివ్వబోతే ఆగమని, మంచం పక్కన నేలమీద కూర్చుని కోడలి కాళ్ళకు చెప్పులు తొడిగింది.

"బిడ్డను చూడకుండా ముందు ఆ కాళ్ళేంటే?"

"బిడ్డ ఎక్కడికీ పారిపోదులే."

చెప్పులు సులువుగా పట్టాయి. అప్పుడు అక్క లేచి, చేతులు కడుక్కుని, పాపను అందుకుని, తీరిగ్గా అడిగింది.

"బాగున్నారా?"