మామ్మ నోట ‘నాను’

ఈ ఉదయం దువ్వాడ స్టేషన్ నుంచి మా అమ్మాయి ఫోను చేసి, స్నేహితురాళ్ల సందడి మధ్యలో, “నాన్నా, నాను వచ్చేత్తన్నాను, టిఫినుంచండి” అంది. ఇంట్లో అలా మాట్లాడదు. తోటివాళ్లతో ఉన్నప్పటి సరదా అది. ‘నేను’ అని దిద్దడానికి అలవాటుగా నోరు తెరిచాను, దిద్దకుండానే మూసుకున్నాను. అందుకు కారణం మా మామ్మ.

మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, కంచరపాలెంలో తెలుగు టీచరు. తాతగారు గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చినవారు. మామ్మది కాకినాడ వైపనీ, పుట్టింట్లో ఎవరూ మిగల్లేదనీ మాకు చెప్పారు. అందుకే ఆమె వేసవి సెలవులకు ఎక్కడికీ వెళ్లేది కాదని అనుకునేవాళ్లం. ఆమె మాట ఇస్త్రీ చేసిన నేతచీరలా ఎక్కడా ముడత లేకుండా ఉండేది. క్లాసులో ఎవరైనా ‘నాను’ అంటే తిట్టేది కాదు, కొట్టేది కాదు. చెయ్యి చెవి వెనక పెట్టుకుని, ‘నేను’ అని వినిపించేదాకా చెవిటిదానిలా నిలబడేది. ఒకసారి ఒక పిల్లవాడు అవసరం తోసుకొచ్చి, “టీచర్, నాను బయటికెల్తాను” అని మెలికలు తిరిగిపోతున్నా ఆమె చెయ్యి చెవి దగ్గర నుంచి కదల్లేదు. చివరికి వాడు “నేను! నేను! నేను!” అని అరుచుకుంటూ గుమ్మం దాటేశాడు. అప్పటినుంచి వీధిలో ఆమె పేరు ‘నేను టీచరమ్మ’. “నేను టీచరమ్మొచ్చేత్తంది, నోర్ముయ్యండ్రా!” అని రైలుపట్టాల పక్కన గోళీలాడేవాళ్లు ఒకరినొకరు హెచ్చరించుకునేవారు. ఆమె రిటైరైన రోజున వాళ్లే రిక్షాను బంతిపూలతో కప్పి, తొక్కేవాణ్ని ఊరికే కూర్చోబెట్టి, ఇంటిదాకా తోసుకొచ్చారు. మనవలమైన మాకూ అదే శిక్షణ. మామ్మను ‘మీరు’ అనే మన్నించేవాళ్లం.

పోయిన చలికాలంలో ఆమె వంటింట్లో పడిపోయింది. పక్షవాతం. నా డైరీలో ఆ పేజీ ముందుంచుకునే ఇది రాస్తున్నాను, జ్ఞాపకం మీద నమ్మకంతో కాదు. ఆసుపత్రిలో కళ్లు తెరుచుకునే ఉన్నా ఎవరికీ పలకలేదు. చెంచా తగిలితే పెదవులు బిగించేది. తానుగా మింగగలదు, మింగకపోతే మాత్రం రేపు ముక్కులోంచి గొట్టం వేయక తప్పదని డాక్టరు చెప్పి వెళ్లాడు. తాతగారికి ఆ గొట్టం వేసినప్పుడు చూసి, తనకు మాత్రం వద్దని మా చేత మాట తీసుకున్న మనిషి ఆమె. మేనత్త జావగిన్నె పట్టుకుని, “రెండు చెంచాలు తాగమ్మా” అని బతిమాలుతూంటే మామ్మ మొహం చిట్లించి, స్పష్టంగా అంది:

“ఏటీ గోల? నానిప్పుడు తాగను. సేపలెండేసినాను, కాకులెత్తుకెలిపోతాయి. మాయమ్మొత్తే సంపేత్తది.”

అత్త చేతిలో చెంచా కింద పడింది. తీయడానికి ఎవరం వంగలేదు. మా గుమ్మంలోకి ఎండుచేపల వాసన కూడా రానివ్వని మామ్మ నోటినుంచి వచ్చాయా మాటలు! “బళ్లో పిల్లల మాటలు బుర్రలో ఉండిపోయాయి, అంతే” అంది అత్త. నాన్నగారు తల అడ్డంగా ఊపారు. “విని నేర్చుకున్న మాట అలా ఉండదే” అని, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు తన తల్లిని చూశారు. ఆ యాస కాకినాడది కాదు, ఇక్కడిదే. ఆమె చేపలెండేసిన ఒడ్డు బహుశా పోర్టు గోడ అవతలే ఉంది. తాతగారు ఏళ్ల తరబడి దాని పక్కనుంచే సైకిలు తొక్కారు. మామ్మ ఏ సెలవుకీ వెళ్లని పుట్టిల్లు సిటీ బస్సు దూరంలో ఉంది.

వేరే చెంచా తీసుకుని నేను పక్కన కూర్చున్నాను. “మామ్మా, తాగండి” అన్నాను. ఆమె చూపు గోడమీదే ఉంది. అప్పుడు, ఎక్కడినుంచి వచ్చిందో, “ఏటే, తాగవేటి? సేపలకాడ నేనుంటాను, నువ్వు బేగి తాగీ” అన్నాను. అనగానే నా చెవులు వేడెక్కాయి. మామ్మను ‘ఏటే’ అన్నాను. ఆమె తల తిప్పింది. బాగున్న చేతిని మెల్లగా ఎత్తి చెవి వెనక పెట్టుకుని, కదలకుండా చూసింది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

“నాను” అన్నాను. “నానుంటాను.”

ఆమె నోరు తెరిచింది. గిన్నె అడుగు కనిపించేదాకా తాగింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది. ఆమె బతికిన ఆ తర్వాతి కొద్ది వారాల్లోనూ గొట్టం అవసరం పడలేదు; నాన్నగారు కూడా తడబడుతూ, ఆ వయసులో, “ఏటే అమ్మా, తాగీ” అనడం నేర్చుకున్నారు. కానీ ఊరు పేరు ఎన్నిసార్లు అడిగినా ఆమె చెప్పింది కాకుల గురించే.

ఆ మొదటి రోజున నేను మూతి తుడుస్తూంటే, మామ్మ నన్ను పరీక్షగా చూసి, “నువ్వెవులబ్బాయివిరా?” అని అడిగింది. నాన్నగారి వైపు చూశాను. ఆయన తల దించుకున్నారు. నేను లెక్కల మనిషిని, మనసులో కూడి చూసుకున్నాను. చేపలకు కాపలా ఉన్న పిల్లకు ఏడెనిమిదేళ్లుంటాయేమో. ఆ లెక్కన నాన్నగారే ఇంకా పుట్టలేదు. ఆ పిల్ల ఉన్న కాలంలో మేమెవరమూ ఇంకా జరగనే లేదు.