ఫోటో స్టూడియో ముందు నీలమ్మ ధర్నా

బారువ నీలమ్మ ఇరవై ఏళ్లుగా మందస సంతలో ఎండుచేపలు అమ్ముతోంది. మనిషి నల్లగా, నిండుగా ఉంటుంది. నోరు తెరిచిందంటే బేరమాడడానికి వచ్చినవాడు బేరం మరిచిపోయి చేపలు పట్టుకుపోవాల్సిందే.

తల్లిదండ్రుల పెళ్లయి పాతికేళ్లయింది, ఫోటో దిగాల్సిందేనని కూతురు ప్రవల్లిక పోరు పెట్టింది. అది 2020 జూన్. లాక్‌డౌన్ సడలించగానే నీలమ్మ, మొగుడు త్రినాథ్‌తో కలిసి మందసలో కామేశ్ స్టూడియోకి వెళ్లి ఫోటో దిగింది. వారానికి ఫ్రేము కట్టిన ఫోటో ఇంటికొచ్చింది. త్రినాథ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేనయితే నేనే. నా పక్కన ఈ ఒలిసిన కోడిగుడ్డు ఎవులే?"

కామేశ్ కంప్యూటర్లో నీలమ్మను తెల్లగా తోమేశాడు. త్రినాథ్‌ను మాత్రం మగాడు కదా అని వదిలేశాడు. మళ్లీ తియ్యమని నీలమ్మ వెళ్లి అడిగితే నవ్వేశాడు. "తెలుపు సేసినందుకు ఎవులైనా తగువాడతారేటి పిన్నీ?"

ఉడుక్కుంటూ ఇంటికొచ్చేసరికి ప్రవల్లిక ఫోన్ చూస్తోంది. అందులో నడిరోడ్డు మీద వందల మంది ఒంటి మోకాలి మీద కూర్చుని ఉన్నారు.

"ఆలు ఏటి సేత్తన్నారే?"

అమెరికాలో ఒక పోలీసు నల్లజాతి మనిషి మెడ మీద మోకాలు పెట్టి నొక్కేశాడనీ, ఊపిరాడడం లేదని అతను మొత్తుకున్నా లేవలేదనీ, ప్రాణం పోయిందనీ, అందుకే దేశదేశాల్లో జనం ఇలా మౌనంగా కూర్చుంటున్నారనీ ప్రవల్లిక చెప్పింది.

"మన ఊరోడు కాడు, మన దేశపోడు కాడు. నా కడుపులో ఎందుకే ఇంత మంటగుంది?" అంది నీలమ్మ.

మర్నాడు సంత. నీలమ్మ చేపల తట్ట పక్కన పెట్టి, కామేశ్ స్టూడియో ముందు ఒంటి మోకాలి మీద కూర్చుంది. నోరు మెదపలేదు.

ముందు కూరగాయల సూర్యకుమారి చూసింది. "ఏటి పడిపోనాది నీలమ్మా? సెవి కమ్మా?"

నీలమ్మ మాట్లాడడం లేదంటే పోయింది బంగారమేనని సూర్యకుమారి తేల్చుకుంది. తనూ మోకాళ్ల మీద వాలి మట్టి వెతకసాగింది. ఆటో అసిరయ్య వచ్చాడు. అరటిపళ్లు కొనేవాళ్లు వచ్చారు. కాసేపట్లో ఇరవై మంది మాస్కులతో నేల మీద పాకుతున్నారు. ప్రవల్లిక 'నా రంగు నాకియ్యి' అని రాసిన అట్టముక్క ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో వీడియో తీస్తోంది.

కామేశ్ తలుపు తీసి, ఆ జనాన్ని చూసి గతుక్కుమన్నాడు. "తప్పయిపోనాది పిన్నీ! మళ్లీ తీసిత్తాను!"

కింద నుంచి అసిరయ్య తలెత్తాడు. "కమ్మ దొరికిందేటి?"

నీలమ్మ అప్పుడు నోరు విప్పి సంగతంతా చెప్పింది. సగం మంది మోకాళ్లు దులుపుకుని తిట్టుకుంటూ పోయారు. సూర్యకుమారి మాత్రం లేవబోయి ఆగింది. "నా కూతురి పెళ్లి ఆల్బంలోనూ ఈడు ఇలాగే సున్నం కొట్టినాడు" అని, ఈసారి తెలిసే కూర్చుంది.

కామేశ్ నీలమ్మ ఫోటో మళ్లీ తీసి, సూర్యకుమారి కూతురి ఆల్బం మళ్లీ అచ్చేసి, రెండూ ఉన్న రంగులోనే ఇచ్చాడు. త్రినాథ్ కొత్త ఫోటోను చూసి, "ఇది నా పెళ్లామే" అని గోడకు మేకు కొట్టాడు.

ప్రవల్లిక పెట్టిన వీడియోను లోకమంతా చూసిందనడం అబద్ధం. మూడొందల మంది చూశారు. వాళ్లలో ఎక్కడో లండన్‌లో ఉండే ఒక నల్లజాతి ముసలావిడ ఏదో రాసింది.

"ఏటంతాంది?" అంది నీలమ్మ.

"నీ మోకాలి నొప్పి తగ్గిందా అని అడుగుతాంది."

"కొబ్బరినూనె రాసుకున్నానని సెప్పు. ఆల్నీ రాసుకోమను. పాపం, ఆలు నాకంటే సాలాసేపు కూకున్నారు."