కుడివైపు పతకాలు

మీ ఇంట్లో సైన్యంలో పనిచేసి చనిపోయినవారున్నారా? ఉంటే, వారి పతకాలు ఇప్పుడు ఏ బీరువాలో, ఏ బట్టల కింద పడి ఉన్నాయి?

ఊరికే అడగడం లేదు. మా పక్కింటావిడ భర్త నాయబ్ సుబేదారు. సరిహద్దు కొండల మీద డ్యూటీలో ఉండగానే పోయాడు. మూడేళ్లుగా ఆయన యూనిఫారం కోటూ పతకాలూ స్వెటర్ల కిందే ఉన్నాయి. ఈ ఏడు వనపర్తిలో మాజీ సైనికులు అమర జవాన్ల స్థూపం దగ్గర నివాళి ఏర్పాటు చేసి, పతకాలు పెట్టుకుని రమ్మని ఆమెకు కబురు పంపారు.

కబురు తెలిసి పెద్దమందడి నుంచి ఆమె మరిది దిగాడు.

"గది మొగోల్లు తొడుక్కునే కోటు వదినా. పతకాలు పెట్టుకొని నేను పోత. నువ్వు ఇంట్లనే ఉండు."

ఆమె బీరువా తెరిచింది. కోటునూ పతకాల డబ్బానూ సంచిలో పెట్టుకుని, "అక్కా, జర దర్జీ దాంక తోడు రా" అని నన్ను పిలిచింది. మరిది మా వెనకే వచ్చాడు.

దర్జీ ముసలాయన. పటాలంలో ఏళ్ల తరబడి యూనిఫారాలు, ఆయన మాటలో వర్దీలు, కుట్టి వచ్చినవాడు. కోటును బల్ల మీద పరిచి చేత్తో నిమిరాడు. ఎడమ ఛాతీ మీద సన్నని దారపు ఉచ్చులు కనిపించి, అవెందుకని అడిగాను. పతకాలను వరసగా బిగించిన పట్టీ ఊగకుండా పట్టుకోవడానికట. లోపల వేసిన అదనపు గుడ్డేమో, పతకాల బరువుకు కోటు సాగకుండా ఉండటానికట. కాలరు మెడకు ఆనాలి, నొక్కకూడదు. చెయ్యి కిందికి వదిలితే కోటు చెయ్యి మణికట్టు దగ్గర ఆగాలి. అడిగిన ప్రతిదానికీ ఆయన దగ్గర కారణముంది. ఇన్ని కారణాలతో కుట్టిన బట్టను నేనంతకుముందు చూడలేదు.

మరిది ఆగలేక కోటు తొడుక్కున్నాడు. చేతులు వేళ్ల కణుపుల దాకా వచ్చాయి. మెడ వెనక పిడికిలి పట్టేంత ఖాళీ.

"చేతులు జర చిన్నగ చెయ్ కాకా."

"చేతులు చిన్నగ చేస్త, సరే. గీ కోటు తొడుక్కునే నౌకరీ యాడికెంచి కుట్టియ్యాలె పటేలా? ఇడువు. ఎవని వర్దీ వానిదే. పతకాలంటవా, ఇంటోల్లు పెట్టుకోవచ్చు. గా అమ్మ పెట్టుకోవాలె."

నేను సంబరంగా పతకాల పట్టీ తీసుకుని ఆమె ఎడమవైపు ఆనించబోయాను. "గుండె ఇటే కదా" అన్నాను, తర్కమంతా నాదేనన్నట్టు.

దర్జీ నవ్వాడు. "గుండెతోని ఏం పనమ్మా? సంపాయించినోనికి ఎడమ దిక్కు. పోయినోని బదులు పెట్టుకునేటోల్లకు కుడి దిక్కు. సూసెటోనికి దూరం నుంచే తెల్వాలె."

ఊహించి చెప్పకండి, అడిగి తెలుసుకోండి అని ఇన్నేళ్లుగా మహిళా సంఘం సభల్లో అరిచినదాన్ని. సిగ్గేసింది.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. భర్త పోయినప్పటి నుంచి ఆమె కొంగును ఎడమ భుజం మీంచి వీపు చుట్టూ తెచ్చి కుడి భుజం నిండా కప్పుకుంటుంది. కుడివైపు పెట్టిన పతకం ఆ కొంగు కిందే ఉండిపోతుంది. మరిది వెంటనే పట్టుకున్నాడు.

"సూసినవా వదినా? మొగుడు పోయినామె పదిమంది ముందల కొంగు తీసి కూసుంటదా? కప్పుకుంటే గవి పెట్టుకొని ఏం ఫాయిద?"

నాకు ఒళ్లు మండింది. కోటు చెయ్యి ఇంతే ఉండాలన్నవాడు కారణం చెబుతాడు. ఆడదాని కొంగు ఇంత దాకా ఉండాలన్నవాడు ఏనాడైనా చెప్పాడా? ఆ మాట అనబోతుంటే ఆమే దర్జీని అడిగింది.

"గింత బరువుకు రవిక గుంజుకపోదా కాకా?"

దర్జీ ముఖం వెలిగింది. "లోపల గట్టి గుడ్డ ఏస్త. కొంగు సంగతేంది మరి?"

"గద్వాల చీర కడ్త. ఆయన కొనిచ్చిందే. పట్టు కొంగు బరువుంటది, ఒక్క పిన్నుకు ఎడమ దిక్కే నిలుస్తది."

దర్జీ నా చేతికి సుద్ద ఇచ్చాడు. కోటును ఆమె ముందు పట్టుకుని, ఎడమవైపు పతకాలు ఎంత ఎత్తులో ఉండేవో కుడివైపు అంతే ఎత్తులో గుర్తు పెట్టించాడు.

నివాళి రోజు పొద్దున పట్టీని నేనే గుచ్చాను. వంకర లేకుండా నిలిచింది. ఆమె అద్దం ముందు నిలబడి, అలవాటుగా కొంగు లాక్కుంది. పతకాలు కనిపించకుండా పోయాయి. గడప దగ్గర మరిది చూస్తున్నాడు. నేను పిన్నుల డబ్బా అద్దం పక్కన పెట్టి వెనక్కి జరిగాను.

"ఆయన పరేడ్‌కు పోయేటప్పుడు నేనే పెడ్తుంటి అక్కా," అంది ఆమె. "ఎదురుంగ నిలబడితే ఆయన పతకాలు గిటే ఉంటుండె. నా కుడిచేతి దిక్కు."

కొంగు వెనక్కి తీసి పిన్ను పెట్టుకుంది.

మరిది కాసేపు పతకాల వంకే చూశాడు. "నడువు వదినా, యాల్లయితుంది" అని బండి తీయడానికి వెళ్లాడు.

స్థూపం దగ్గర అందరూ చూశారు. ఎవరి కళ్లూ పోలేదు.

ఇప్పుడు మీరు లేవండి. బీరువా తెరిచి ఆ పతకాలు పోయినవారి భార్య చేతికివ్వండి. రవిక లోపల గట్టి గుడ్డ వేయించండి, కుడివైపు ఎత్తు చూసి గుర్తు పెట్టించండి. కొంగు సంగతి ఆమెకు వదిలెయ్యండి.