విమలక్క ఎంచిన ఎర్ర వైన్

మొన్న ఆదివారం నలుగురు స్నేహితులు భోజనానికి వస్తే ఎర్ర వైన్ సీసా మూత తిప్పాను. బాగా మగ్గిన నేరేడు పళ్ళ వాసన గుప్పుమంది. "గింత చవకల గింత మంచిది ఎట్ల దొరకబట్టినవ్‌రా?" అని ఒకడు అడిగాడు. దొరకబట్టింది నేను కాదు, విమలక్క. ఆమె మీకు తెలియదు కాబట్టి చెబుతాను.

విమలక్కకు ఆర్మూర్‌లో పసుపు కమీషన్ దుకాణం ఉండేది. నేను అక్కడ గుమాస్తాను. భర్త పోయాక దుకాణం మూసేస్తుందని ఊరంతా అనుకుంది, ఆమె మాత్రం మర్నాటి నుంచే గద్దె మీద కూర్చుంది. రైతు సంచి విప్పగానే ఒక కొమ్ము తీసి విరిచేది. విరిగిన చోట రంగు చూసి, వాసన పీల్చి, నాలుక మీద పెట్టుకునేది. అప్పటిదాకా అది ఎవరి సరుకో చెప్పనిచ్చేది కాదు. "పేరు ఇంటే ముక్కు పనిజెయ్యది" అనేది. పొగిడితే కరిగే మనిషి కాదు, తప్పు చేస్తే ఎంతటివాడినైనా కసిరేది. ఆమె ముందు నిలబడాలంటే నాకు భయం, అంతకు మించి అబ్బురం.

నా పెళ్ళి మాటలు చివరికి ఆమె గడపలోనే తేలాల్సి వచ్చింది. నేను ఇష్టపడిన పుష్పది ఆలూర్, క్రైస్తవుల అమ్మాయి. మాది కమ్మర్‌పల్లి దగ్గర హిందూ కుటుంబం. ఎంతోకాలం మొండికేసిన పెద్దవాళ్ళు, ఒక్కసారి కలిసి భోంచేసి చూద్దామన్నారు, అదీ ఇద్దరికీ గురి ఉన్న విమలక్క ఇంట్లో అయితేనే. ఆ పూట ముఖాలు ముడుచుకుని లేచిపోతే మా సంగతి అంతటితో సరి. పుష్ప వాళ్ళ నాన్న జోసెఫ్ దుబాయ్ హోటల్లో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చాడు. విస్కీ ముట్టడు గానీ విందుల్లో ఎర్ర వైన్ ఒక గ్లాసు తాగుతాడని పుష్ప చెప్పింది. ఇంకేం, అన్నిటికన్నా ఖరీదైన సీసా తెస్తానని నేను ఎగిరాను.

"జర ఆగురా," అంది విమలక్క. "గసొంటి సీసా పెడితే మీ నాయిన ముట్టనీకే జంకుతడు. ఇద్దరు సాఫ్‌గ తాగేది తేవాలె."

అప్పటిదాకా ఆమె వైన్ రుచి ఎరగదు, నేనూ ఎరగను. నిజామాబాద్ నుంచి చవకలో మూడు రకాలు తెప్పించి దుకాణంలోనే రుచి చూశాం. మూడూ ఒకేలా ఉన్నాయి. ఇంకో గుక్క తాగాం, అదే వాసన. ఉన్నట్టుండి విమలక్క పకపకా నవ్వింది. "పిచ్చోళ్ళం గాదురా మనం! పసుపు సంచుల నడుమ కూసోని వాసన జూస్తున్నం."

మర్నాడు సెలవు. స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని విమలక్క వాళ్ళ మేడ మీద మళ్ళీ కూర్చున్నాం. ఈసారి తేడా తెలిసింది. ఒకటి ఉత్త పానకం, ఇంకోటి పచ్చి వగరు. నాసిక్ వైపు నుంచి వచ్చిన మూడోది తేలిగ్గా, కాస్త పుల్లగా, హాయిగా దిగింది. ఆమె అక్కడితో ఆగలేదు. కారం కోడికూర తెప్పించి, ముక్క నమిలి మళ్ళీ గుక్క వేసింది. "కూరతోని తాగుతరు గద, కూరతోనే జూడాలె." ఎర్ర వైన్ చల్లబరచకూడదట అక్కా అన్నాను. "గట్ల చెప్పినోడు ఆర్మూర్ ఎండల కూసోని చెప్పిండా?" అని, సీసాలకు తడిగుడ్డ చుట్టి నీళ్ళకుండ పక్కన పెట్టింది. తెలియని వస్తువు ముందు నేను బెదిరాను. ఆమె మాత్రం తన నాలుకనే నమ్ముకుంది.

భోజనం రోజు జోసెఫ్ ఒక మూల, మా నాన్న ఇంకో మూల కూర్చున్నారు. పలకరింపుల్లేవు. సీసా మీది పేరు కనపడకుండా విమలక్క దానికి తువ్వాల చుట్టి స్టీలు గ్లాసుల్లో పోసింది. కల్లు తప్ప ఎరగని మా నాన్న ఒక గుక్క తాగి, కాసేపాగి గ్లాసు మళ్ళీ చాపాడు. జోసెఫ్ నోట్లో కొంచెంసేపు ఉంచుకుని మింగాడు.

"మంచిగుంది అక్కా. మస్తు పిరమై ఉంటది. ఎంతేంది?"

విమలక్క సీసా పక్కన పెట్టి, తువ్వాలను చేతి మీద కప్పుకుని అతని వైపు చాపింది. వెనక పసుపు బేరాలు అలాగే జరిగేవి. పక్కవాడికి తెలియకుండా గుడ్డ కింద వేళ్ళు పట్టి ధర చెప్పుకునేవారు. జోసెఫ్ తండ్రి పసుపు రైతే. జోసెఫ్ తువ్వాల కింద చెయ్యి పెట్టాడు, కళ్ళు పెద్దవి చేశాడు, తర్వాత పగలబడి నవ్వాడు.

మా నాన్న ఉండబట్టలేకపోయాడు. "ఎంతంట?"

విమలక్క తువ్వాలను జోసెఫ్ చేతి మీదే వదిలేసింది. "నోటితోని చెప్పేది గాదు బావా," అన్నాడు జోసెఫ్. "జర ఇటు జరుగు. చెయ్యియ్యి."

బావా అన్నాడు! మా నాన్న గ్లాసు కింద పెట్టి, జరిగి అతని పక్కన కూర్చున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ పుష్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ధర చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? వాళ్ళ చేతులు మాత్రం ఆ తువ్వాల కింది నుంచి చాలాసేపు బయటికి రాలేదు.

ధర నోటితో చెప్పేస్తే అయిపోయేది కదా అక్కా అని తర్వాత అడిగాను. "నోటితోని చెప్తే ఉన్నకాడికెల్లే ఇంటరు. చెయ్యంటే దగ్గరికి రావాలె గదరా" అంది, పెద్ద విషయమేం కాదన్నట్టు.

విమలక్క ఇప్పుడు లేదు. ఆమె అంత మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మా ఇంటికి ఎవరిని పిలిచినా పుష్పా నేనూ ముందు ఒకటే మాట్లాడుకుంటాం: ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలి అని. ఏం పోయాలన్నది ఆ తర్వాతే.