పదకొండో జిన్ను దగ్గర వినిపించిన గొంతు

1979 జనవరి. ఆదోనిలో పత్తి సీజన్ జోరుగా సాగుతోంది. నేను ఊరి బయట ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా పని చేస్తున్నాను. జిన్నింగ్ అంటే పత్తిలోని గింజను, దూదిని వేరు చేయడం. ఒక్కో జిన్ను మిషన్‌లో తోలు రోలర్లు రెండు తిరుగుతుంటాయి. అవి దూదిని లోపలికి లాక్కుంటే గింజలు కింద రాలతాయి. మిషన్ ముందు నిలబడి పత్తి వేసేది ఆడకూలీలు. వాళ్ల చేతులు రోలర్ల దాకా పోకుండా ముందు ఇనుప ఊచల గార్డు ఒకటి ఉంటుంది. నాలుగు స్క్రూలతో బిగిస్తాం. రోలర్లు, బెల్టులు, గార్డులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం నా పని.

ఒక మధ్యాహ్నం రౌండుకు వెళితే పదకొండో నంబరు మిషన్‌కు గార్డు లేదు. ఊడి పడిందేమో అనుకున్నాను. కాదు. ఎవరో దాన్ని గోడకు ఆనించి పెట్టారు. నాలుగు స్క్రూలూ మిషన్ అంచు మీద వరసగా, తలలన్నీ ఒకే వైపు ఉండేట్టు పేర్చి ఉన్నాయి. మళ్లీ బిగించి వచ్చాను. మర్నాడు అదే తంతు. మూడో రోజు నా బలమంతా పెట్టి బిగించాను. మధ్యాహ్నానికి గార్డు గోడకే ఆనుకుని ఉంది, స్క్రూలు వరసలోనే ఉన్నాయి.

"అది వెంకటమ్మ పనిలేప్పా" అన్నారు పక్క మిషన్ల ఆడవాళ్లు. నాలుగేళ్ల కిందట ఆ మిషన్‌లో చెయ్యి పోయి, ఆ పుండుతోనే చనిపోయిన మనిషి వెంకటమ్మ. నేను నవ్వేశాను. కానీ ఆ వరసలో ఒంటరిగా నడిచేటప్పుడు వీపు వెనక ఎవరో ఉన్నట్టు అనిపించడం మొదలైంది.

పదకొండో మిషన్ మీద పని చేసేది సువార్తమ్మ. ఇరవై రెండేళ్లుంటాయి. కోసిగి దగ్గర పల్లె. వానలు లేక మొగుడు బొంబాయికి మట్టిపనికి పోతే, తల్లితో కలిసి ఆదోనికి వచ్చింది. ఆదివారాలు మా చర్చికి వచ్చి ఆడవాళ్ల వెనక కూర్చునేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు.

నాలుగో రోజు నేను పత్తి బస్తాల చాటున నిలబడి కనిపెట్టి చూశాను. పదకొండు గంటలైంది. పైకప్పు సందుల్లోంచి ఎండ పడుతోంది, ఎండలో దూది నుసి తేలుతోంది. సువార్తమ్మ కొంగులోంచి గరిటె కాడ ఒకటి తీసి, ఒక్కో స్క్రూ విప్పింది. తొందర లేదు. విప్పిన ప్రతిదాన్నీ జాగ్రత్తగా పేర్చింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఎవరో పిలుస్తుంటే బదులు పలుకుతున్నట్టు, "ఆఁ... ఆఁ... వస్తాండా" అంటోంది.

గార్డు తీసి పక్కన పెట్టి, కుడిచేతి గాజులు ఒలుచుకుంది.

నేను పరిగెత్తి ఆ మిషన్ బెల్టును పక్కన వట్టిగా తిరిగే పుల్లీ మీదికి తోసేశాను. అలా తోస్తే మిషన్‌కు తిప్పే బలం పోతుంది కానీ రోలర్లు వెంటనే ఆగవు. అవి నెమ్మదిస్తుండగానే ఆమె అరచెయ్యి వాటి మీద ఆనింది. రెండు వేళ్ల చర్మం లేచిపోయింది. ఆమె అరవలేదు. ఎందుకు ఆపావన్నట్టు నా వైపు చూసింది.

"ఏం పనమ్మా ఇది?"

"దేవుడు అడుగుతాండాడు, దానియేలన్నా."

"ఏమడుగుతాండాడు?"

"ఈ సెయ్యి."

మిషన్ల హోరులో చెవులు మోసపోతాయి. మాలో చాలామందికి ఆ హోరులో పేరు పెట్టి పిలిచినట్టు వినబడుతుంది. ఇదీ అదేననుకుని, ఆపమని ఇంజను దగ్గరి మనిషికి చెయ్యి ఊపాను. మిషన్లన్నిటినీ తిప్పే పైనున్న పెద్ద షాఫ్టు ఆగింది. ఒక్కో మిషనూ ఆగుతూ వచ్చింది. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఆడవాళ్లు మా వైపే చూస్తూ నిలబడిపోయారు.

"ఇప్పుడు వినపడతాందా?"

సువార్తమ్మ తల కొంచెం వంచి ఆలకించింది.

"ఇప్పుడు ఇంగా బాగా ఇనపడతాందన్నా."

గాయానికి కట్టు కట్టి, బయట వేపచెట్టు నీడలో కూర్చోబెట్టాక చెప్పింది. వానాకాలంలో ఆమె రెండేళ్ల కూతురు చనిపోయింది. జ్వరం వచ్చి, ఫిట్స్ వచ్చి, ఒక్క పూటలో పోయింది. దానికి రెండు రోజుల ముందు, పనికి పొద్దుపోతుంటే కొంగు వదలకుండా ఏడుస్తోందని ఆమె బిడ్డను కొట్టింది. ఈ చేతితోనే.

"పాపం సేసిన సెయ్యి ఉండకూడదని బైబిలు వాక్యంలో ఉండాది గదన్నా. ఆ మాటే సెప్తాడు. దినామూ సెప్తాడు. మూడు దినాలు గార్డు తీసి గూడా సెయ్యి పెట్టేకి దైర్యం సాలల్యా."

దేవుని స్వరం వినండి అని చిన్నప్పటి నుంచి ప్రసంగాల్లో విన్నాను. వినబడిన గొంతు దేవుడిదో కాదో ఎలా తెలుసుకోవాలో అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

ఆమెను మిషన్ మీద నుంచి మార్చమని మేస్త్రీని బతిమాలితే, ఆరుబయట పత్తి ఏరే పనిలో పెట్టాడు. ఆ సాయంత్రం పదకొండో జిన్నును సరిచూడటానికి ఒంటరిగా ఖాళీగా తిప్పాను. రోలర్ల హోరులో ఉన్నట్టుండి స్పష్టంగా వినిపించింది: "నువ్వు రాలేదు." రెండేళ్ల కిందట మా నాయన చనిపోయినప్పుడు ఓవర్‌హాలింగ్ పని వదిలి నేను ఊరికి వెళ్లలేదు. ఆ కోపంతో తమ్ముడు నాతో మాటలు మానేశాడు. "రాలేదు, రాలేదు" అంటూనే ఉంది ఆ గొంతు. బెల్టు తోసేసి బయటికి వచ్చేశాను.

ఆదివారం సువార్తమ్మనూ ఆమె తల్లినీ బస్సులో ఎమ్మిగనూరు తీసుకెళ్లాను. అక్కడ నా పెళ్లి చేసిన ముసలి పాస్టరు అయ్యగారు ఉన్నారు. ఆయన అంతా విన్నారు. దయ్యమని గద్దించలేదు, భ్రమ అని కొట్టిపారేయలేదు.

"అది నిన్ను ఏమని పిలుస్తాది బిడ్డా?" అని అడిగారు.

"పేరు పెట్టి పిలవదు అయ్యా. 'ఒసే' అంటాది."

"నీ బిడ్డ పేరెత్తిందా ఎప్పుడన్నా?"

"లేదయ్యా. 'కొట్టినావు, కొట్టినావు' అంటాది. ఎస్తేరు అని ఒక్కసారి గూడా అనలేదు."

ఆ పేరు నోట రాగానే ఆమె ఏడ్చింది. బిడ్డ పోయినప్పటి నుంచి ఆమె ఏడవడం అదే మొదటిసారని తల్లి చెప్పింది.

"దేవుడు తప్పు సూపించడా అయ్యా?" అంది సువార్తమ్మ ఏడుపు తగ్గాక.

"సూపిస్తాడు. సూపించినంక దావ గూడా సూపిస్తాడు. సెయ్యి పోయినంక ఏం జెయ్యమని సెప్పిందమ్మా అది?"

"ఏం సెప్పల్యా. సెయ్యి ఒగటే అడుగుతాది. బిరీన ఇయ్యి, బిరీన ఇయ్యి అని తొందరపెడతాది."

"నీ దేవునికి నీ పేరు తెలుసు, ఎస్తేరు పేరూ తెలుసు. పసిదాన్ని పోగొట్టుకున్న తల్లితో ఆయన ఇట్ల మాట్లాడడు. వాక్యం పలికినంత మాత్రాన అది ఆయన గొంతు గాదు."

తర్వాత, సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందని అడిగారు. ఇరవై దినాలని తల్లి చెప్పింది. అయ్యగారు లేచి కండువా వేసుకుని, తనకు తెలిసిన డాక్టరు ఇంటికి మమ్మల్ని నడిపించుకుపోయారు. దారిలో నాతో అన్నారు: "ప్రార్థన నేను జేస్తా, మందు డాక్టరు ఇస్తాడు. రెండూ దేవుడిచ్చినవే."

తిరుగు బస్సులో సువార్తమ్మ తల్లి ఒడిలో తల పెట్టి నిద్రపోయింది. నేను కిటికీ పక్కన కూర్చుని నా గొంతును అదే ప్రశ్న అడిగాను. సరే, నేను రాలేదు, ఇప్పుడేం చెయ్యమంటావు? దాని దగ్గర జవాబు లేదు. కాసేపటికి, ఏ గొంతూ లేకుండా, తమ్ముడి దగ్గరికి పోతే బాగుంటుందనిపించింది. తొందర పెట్టే ఆలోచన కాదది. తర్వాతి ఆదివారం వెళ్లాను. వాడు తలుపు తీసి మంచం వాల్చాడు.

సువార్తమ్మ నాలుగు నెలలు మందులు వాడింది. సీజన్ అయిపోయాక ఊరికి వెళ్లిపోయింది. 1983లో ఉరుకుంద జాతర జనంతో కిక్కిరిసిన ఎమ్మిగనూరు బస్టాండులో మళ్లీ కనిపించింది. చంకలో ఏడాది పిల్లవాడు. అడగాలా వద్దా అని సందేహిస్తూనే అడిగాను.

"ఆ గొంతు మళ్లీ వచ్చిందామ్మా?"

"అప్పుడప్పుడు వస్తాదన్నా. వస్తే, నా బిడ్డ పేరేందో సెప్పు అంటా." పిల్లవాడిని రెండో చంకలోకి మార్చుకుంది. "దానికి తెల్దు."

ఇరవై ఏళ్లకు పైగా మిషన్లు బాగు చేశాను. మొదట్లో ఏదైనా ఊడితే గట్టిగా బిగించి వెళ్లిపోయేవాణ్ణి. సువార్తమ్మ తర్వాత, ఒకటే చోట మళ్లీ మళ్లీ ఊడుతుంటే పానా కింద పెట్టి, ముందు ఆ మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి ముఖం చూడటం నేర్చుకున్నాను. ప్రార్థనలో కూడా అంతే. నా తప్పు చెప్పి, ఆ తర్వాత వేయాల్సిన అడుగు చెప్పని గొంతుకు, అది ఎంత వాక్యం పలికినా, నేను లోబడను.